మూడు డబ్బాలు, ఒక భూతద్దం

మా అక్కయ్య పంచాంగం చూసుకోవడానికి ఒక భూతద్దం దాచుకుంది. మొన్న ఉగాదికి ముందటి ఆదివారం అనంతపురం పాతూరులో వాళ్లింటి వసారాలో ఆ భూతద్దం సాయంత్రం దాకా చేతులు మారుతూనే ఉంది. మేం చదివింది మాత్రం రాశిఫలాలు కాదు. మొహానికి పూసుకునే డబ్బాల మీద చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చేసే పేర్లు.

మొదలుపెట్టింది అక్కయ్య కూతురు. బెంగళూరులో ఉద్యోగం, పండక్కి వచ్చింది. చిన్న గాజు సీసా ఒకటి నా చేతిలో పెట్టి, "చిన్నమ్మా, నువ్వు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినావు కదా, ఇదేందో చూడు. ఆరు వందలు పోసి కొన్నా. అక్కడ బాగానే ఉంటాంది. ఇక్కడికొచ్చి రెండు రోజులు పూసుకున్నానో లేదో, మొగమంతా ఎండబెట్టిన అప్పడం మాదిరి బిగుసుకపోతాంది" అంది.

అది వినగానే అక్కయ్య లోపలికెళ్లి తన సీసా తెచ్చింది. మందుల షాపులో దొరికే మామూలు గ్లిజరిన్. ముప్పై ఏళ్లుగా ఆమె కాళ్ల పగుళ్లకూ, పెదాలకూ, మోచేతులకూ అదొక్కటే. ధర్మవరం నుంచి వచ్చిన మా వదిన చాలాసేపు ఊరుకుని, చివరికి హ్యాండ్‌బ్యాగులోంచి వేలెడంత ట్యూబు ఒకటి తీసింది. వైశాఖంలో పెళ్లి పెట్టుకున్న మా మేనకోడలు సంక్రాంతి నుంచి రాసుకుంటున్నది అదే. "అంగడాయన ఇచ్చినాడు. వారానికే మొగం తెల్లగా వచ్చింది, సూడు" అంది వదిన. పిల్ల తల వంచుకుని కూర్చుంది. బుగ్గలు తెల్లగానే ఉన్నాయి. దగ్గరికెళ్లి చూస్తే ఆ తెలుపు కింద సన్నటి ఎర్ర దారాలు కనిపించాయి.

ఆ ట్యూబు సంగతి తర్వాత చెప్తాను. ముందు, ఈ డబ్బాల మీది రాతను ఎలా చదవాలో చూద్దాం. దీనికి కెమిస్ట్రీ రానక్కర్లేదు. కిరాణా చీటీ చదవడం వస్తే చాలు.

మన దేశంలో సౌందర్య సాధనాల మీద అందులో కలిపినవాటి పేర్లన్నీ రాయాలి. ఏది ఎక్కువ కలిపారో అది ముందు, ఏది తక్కువ కలిపారో అది తర్వాత. ఒక శాతం లోపు ఉన్నవాటిని మాత్రం చివర్లో ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. మరీ చిన్న ప్యాకెట్లకు ఈ జాబితా వెయ్యకపోయినా సరిపోతుందన్న మినహాయింపు ఉంది. అందుకే ఒకే క్రీముకు చిన్నదీ పెద్దదీ ఉంటే, అంగట్లో పెద్ద డబ్బా తీయించుకుని చదివి, చిన్నది కొనుక్కోండి. అంగడాయన విసుక్కుంటే విసుక్కోనీండి.

చదవడం మొదలుపెడితే దాదాపు ప్రతి డబ్బాలోనూ మొదటి పేరు 'ఆక్వా'. అంటే నీళ్లు! ఆ తర్వాత వచ్చే నాలుగైదు పేర్లే అసలు సరుకు. ఇంకో చిన్న కిటుకు. 'ఫినాక్సీఇథనాల్' అనే పేరు ఎక్కడుందో వెతకండి. క్రీము పాడైపోకుండా కలిపేది అది. దాన్ని ఒక శాతానికి మించి కలపకూడదు. కాబట్టి ఆ పేరు తర్వాత వచ్చేవన్నీ ఒక శాతం లోపేనని దాదాపుగా అనుకోవచ్చు. మా అక్కయ్య స్నానాల గదిలో ఒక బాదం క్రీము దొరికింది. ముందువైపు గుప్పెడు బాదంపప్పుల బొమ్మ. వెనకవైపు చూస్తే బాదం నూనె పేరు ఫినాక్సీఇథనాల్‌కు కూడా తర్వాత ఉంది. "హోటల్ సాంబార్లో ముక్క మాదిరి అన్నమాట" అంది అక్కయ్య. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

ఇక ఆ పేర్లు చేసే పని. చర్మం పైపొరను గోడ అనుకోండి. చచ్చిన కణాలు ఇటుకలు, వాటి మధ్య ఉండే కొవ్వులు సున్నం. సున్నం రాలితే సందుల్లోంచి ఒంట్లో నీరు ఆవిరైపోతుంది. అదే పొడిబారడం, పగలడం, చిటపటలాడడం. ఏ కంపెనీ క్రీమైనా, ఎంత ధరదైనా, పొడి చర్మానికి చేసేవి మూడే పనులు. నీటిని పట్టి ఉంచేవి కొన్ని, సందులు పూడ్చి నున్నగా చేసేవి కొన్ని, పైన మూతలా కప్పేవి కొన్ని. మొదటి రకంలో గ్లిజరిన్, హైలురానిక్ యాసిడ్, యూరియా, మన కలబంద. రెండో రకంలో రకరకాల నూనెలు, సెరమైడ్లు. మూడో రకంలో పెట్రోలియం జెల్లీ, మైనం, లానోలిన్.

అక్కయ్య సీసాకూ, కూతురి సీసాకూ తగవు ఇక్కడే తీరాలి. గ్లిజరిన్‌ను 1779లో స్వీడన్ శాస్త్రవేత్త షీలే ఆలివ్ నూనె నుంచి కనిపెట్టాడు. సబ్బు తయారుచేస్తే పక్కన ఊరికే మిగిలే సరుకు అది. అందుకే చవక. హైలురానిక్ యాసిడ్‌ను 1934లో అమెరికాలో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంట్లోని ద్రవం నుంచి వేరుచేశారు. ఇప్పుడు సూక్ష్మజీవులతో పులియబెట్టి తీస్తున్నారు. తన బరువుకు వెయ్యి రెట్లు నీటిని పట్టుకుంటుందని ప్రకటనల్లో ఊదరగొడతారు. కానీ దాని పెద్ద పెద్ద అణువులు చర్మం లోపలికి దిగవు, పైనే కూర్చుంటాయి. గ్లిజరిన్ అణువు చిన్నది, పైపొరలోకి ఇంకుతుంది. పొడి చర్మానికి గ్లిజరిన్ ఇన్నేళ్లుగా ప్రతి దేశంలోనూ వాడకంలో ఉందంటే పని చేస్తుంది కనకే. ఆరు వందల సీరమ్ చేతికి జిగట అంటదు, మేకప్ కింద చక్కగా కూర్చుంటుంది. డబ్బు ఎక్కువ పెట్టి కొన్నది ఆ సుఖాన్నే.

మరి బెంగళూరులో బాగున్నది ఇక్కడ ఎందుకు బిగుసుకుంది? నేరం సీరమ్‌ది కాదు, మన గాలిది. ఈ నీటిని పట్టే రకాలకు పట్టుకోవడానికి నీళ్లంటూ ఉండాలి కదా! గాలిలో తేమ ఉంటే అక్కడి నుంచి కొంత తీసుకుంటాయి. మన జిల్లాలో ఏడాదికి కురిసేదే 550 మిల్లీమీటర్ల చిల్లర. రెండు రుతుపవనాలకూ అందీ అందనట్టుండే నేల మనది. వేసవి మధ్యాహ్నాల్లో గాలిలో తేమ ముప్పై శాతానికి కింద ఉంటుంది. అలాంటి గాలిలో పొడి మొహం మీద సీరమ్ ఒక్కటే రాసుకుంటే, అది చర్మం లోపలి పొరల తేమనే పైకి లాగుతుంది, ఆ తేమను గాలి ఎగరేసుకుపోతుంది. ఎండిన బోరుకు ఇంకా పెద్ద మోటారు బిగించినట్టే.

ఉపాయం చాలా చిన్నది. స్నానం చేసి, తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, ఒళ్లు ఇంకా తడిగా ఉండగానే రాసుకోవాలి. మూడు నిమిషాలు దాటనివ్వకండి. దాని మీద కొంచెం నూనె గానీ క్రీము గానీ మూతగా పట్టించాలి. అక్కయ్యకు ఈ శాస్త్రం తెలీకపోయినా ముప్పై ఏళ్లుగా చేస్తున్నది ఇదే. తడి కాళ్లకు గ్లిజరిన్, ఆ పైన ఆముదం, ఆ పైన పాత మేజోళ్లు. అయితే గ్లిజరిన్ చిక్కగా అలాగే పూస్తే కొందరికి మంట పెడుతుంది. ఒక వంతుకు రెండు మూడు వంతుల నీళ్లు కలపాలి. కలిపి సీసాలో దాచకండి, క్రిములు చేరతాయి. ఏ పూటకాపూట అరచేతిలో కలుపుకోండి.

యూరియా పేరు చదవగానే బావగారు కుర్చీలోంచి లేచి వచ్చారు. "పొలానికి చల్లేదేనా?" అని. అణువు అదేనండీ. మన చర్మంలోనే సహజంగా కొంత ఉంటుంది, తేమను పట్టుకోవడానికి. పది శాతం ఉన్న క్రీము గరుకు చర్మాన్ని మెత్తబరుస్తుంది, అంతకన్నా ఎక్కువ శాతం ఉన్నవి పగిలిన మడమల మందాన్ని కరిగిస్తాయి. కాళ్ల పగుళ్లకు నేను చూసినవాటిలో డబ్బుకు తగిన ఫలితం ఇచ్చేది ఇదే. నెత్తురు కారే పగుళ్లకు మాత్రం పూయకండి, భగ్గుమంటుంది. ఎరువుల బస్తాలోది అసలు వద్దు, అది మనిషి ఒంటికి పూయడానికి శుద్ధి చేసింది కాదు. ఇంత చెప్పక్కర్లేదనుకుంటాం గానీ, మా బావగారి చూపు చూశాక చెప్పక తప్పలేదు.

మూతల సంగతికొస్తే, పెట్రోలియం జెల్లీని మించినది లేదు. అమెరికాలో నూనె బావుల రాట్నాలకు పట్టే మడ్డిని కూలీలు కాలిన గాయాలకు పూసుకోవడం చూసి, రాబర్ట్ చీజ్‌బ్రో అనే ఆయన దాన్ని శుద్ధి చేసి 1872లో పేటెంటు పుచ్చుకున్నాడు. అదే వాజలీన్. దీన్లో నీరూ లేదు, పోషకమూ లేదు. మూత పెట్టడమొక్కటే దీని పని. ఆ పని మాత్రం గట్టిగా చేస్తుంది. లానోలిన్ అంటే గొర్రె ఉన్నికి పట్టే జిడ్డు. మన కురుబ సోదరులు గొర్రెల ఉన్ని కత్తిరించేటప్పుడు చేతులకు అంటుకునేది అదే, కడిగి శుద్ధి చేసి విదేశాల నుంచి పెదాల క్రీములో మనకు తిరిగొస్తుంది. కొద్దిమందికి అది పడదు, దురద పెడుతుంది.

నూనెల విషయంలో మాత్రం అనంతపురం వాళ్లం కాస్త గర్వపడొచ్చు. చెనక్కాయ పండించడంలో ఏళ్ల తరబడి దేశంలో మన పేరే ముందు వినపడింది. నూనెల మీద పరిశోధనకే మన ఊళ్లో ఒక సంస్థ ఉంది, జేఎన్‌టీయూ కింద పనిచేస్తుంది. కానీ వంటకు మంచిదల్లా ఒంటికి మంచిది కానక్కర్లేదు. ఆముదం చిక్కన. అందులో నూటికి ఎనభై అయిదు వంతులకు పైగా రిసినోలిక్ ఆమ్లం. మూతగా బాగా పనికొస్తుంది, పెదాల రంగుల్లో మెరుపు చాలా వరకు దానిదే. మొహానికి మాత్రం బరువు. కొబ్బరినూనెను పొడి చర్మానికి మినరల్ ఆయిల్‌తో పోల్చి ఫిలిప్పీన్స్ వైద్యులు 2004లో ఒక పరిశోధన ప్రచురించారు. రెండూ సమానంగా పనిచేశాయి. మొటిమలు వచ్చే వయసు పిల్లల మొహానికి మాత్రం కొబ్బరినూనె వద్దు, రంధ్రాలు మూస్తుంది. పొద్దుతిరుగుడు నూనెలోని లినోలిక్ ఆమ్లం ఆ 'సున్నం' కట్టుకోవడానికి సాయపడుతుంది. ఖరీదైన ఆలివ్ నూనె, చిత్రంగా, ఆ సున్నాన్ని కాస్త వదులు చేస్తుందని 2013లో ప్రచురించిన ఒక పరీక్షలో తేలింది. పసిపిల్లలకు విదేశీ ఆలివ్ నూనెతో మర్దన చెయ్యకపోతే లోటేమో అని బాధపడే కొత్త తల్లులు నిశ్చింతగా ఉండొచ్చు.

సబ్బు గురించి రెండు ముక్కలు. మన బోరునీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు వాటితో కలిసి తెల్లటి తెట్టె కడుతుంది. బకెట్టు అంచున చూసే ఉంటారు, అదే ఒంటి మీదా మిగులుతుంది. సబ్బు కొనేముందు కవరు మీద 'టీఎఫ్ఎం' అంకె చూడండి. 76 శాతం, అంతకు పైన ఉంటే మొదటి గ్రేడు, 70 ఉంటే రెండు, 60 ఉంటే మూడు. 'బేతింగ్ బార్' అని రాసి ఉంటే అది ఈ లెక్కలోకి రాదు, అందులో ఇంకా తక్కువే ఉండొచ్చు. ఒళ్లంతా రోజుకు రెండుసార్లు సబ్బు రుద్దాల్సిన పని లేదు. చంకలు, గజ్జలు, పాదాలు చాలు.

ఇప్పుడు బజారంతా ఊగిపోతున్న పేరు నియాసినమైడ్. మా అమ్మాయి సీసాలోనూ ఉంది. దీని కథ మన దక్కను నేలకు కొత్త కాదు. నియాసినమైడ్ అంటే బీ3 విటమిన్. ఒకప్పుడు ఈ మెరక పొలాల్లో జొన్న సంగటే ఆధారంగా బతికిన పేదవాళ్లకు మెడ చుట్టూ, ముంజేతుల మీదా, ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లగా పెళుసుబారి పగిలేది. విరేచనాలు, మతిమరుపు కూడా తోడయ్యేవి. ఆ జబ్బు పేరు పెల్లాగ్రా. అమెరికాలో మొక్కజొన్న తినేవాళ్లలో చూసిన జబ్బు జొన్న తినేవాళ్లకు ఎందుకొస్తోందో హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకంఠయ్య పరిశోధించారు. జొన్నలో లూసిన్ అనే పదార్థం ఎక్కువై, ఒంట్లో బీ3 సంగతులను చెడగొడుతోందని 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఆ సంస్థే ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ. పప్పు, పాలు, చెనక్కాయలు సరిగ్గా తినగలిగిన ఇంట్లో ఆ జబ్బు లేదు. లేమి నుంచి వచ్చిన జబ్బును మాన్పిన విటమినే ఇప్పుడు ఆరు వందల సీసాలో మచ్చలు తగ్గిస్తానని వచ్చింది. అబద్ధం కాదులెండి. నాలుగైదు శాతం ఉంటే రెండు మూడు నెలల్లో మచ్చలు కొంత పలచబడతాయి, గోడ సున్నం కాస్త గట్టిపడుతుంది. అందరికీ అందుబాటు ధరలో, చాలా తక్కువ చిరాకు పెట్టే పదార్థం. పది శాతం అని గొప్పగా రాసినంత మాత్రాన రెట్టింపు పని చేయదు.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. సాలిసిలిక్ యాసిడ్ మొటిమల రంధ్రాలు తెరుస్తుంది. విటమిన్ సి మంచిదే గానీ గాలి, వెలుతురు తగిలితే పాడైపోతుంది. సీసాలో ద్రవం టీ రంగుకు తిరిగితే పారేయడమే. రెటినాల్ ముడతలకు పనిచేస్తుంది, కానీ కడుపుతో ఉన్నవాళ్లు, బిడ్డ కోసం చూస్తున్నవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు. పైగా మన ఎండలో సన్‌స్క్రీన్ లేకుండా రెటినాల్ వాడితే మొహం కమిలిపోతుంది.

మన ఎండ మామూలుదా! దాన్ని నమ్ముకునే నంబులపూలకుంటలో సోలార్ పార్కు పెట్టారు. సన్‌స్క్రీన్‌లో ఎస్‌పీఎఫ్ 15 అంటే మంట పెట్టే కిరణాల్లో సుమారు 93 శాతం, 30 అంటే 97 శాతం, 50 అంటే 98 శాతం ఆపుతుంది. 30కీ 50కీ ధరలో ఉన్నంత తేడా పనిలో లేదు. ఎంత రాస్తున్నామన్నదే ముఖ్యం. మొహానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవునా గీత గీసినంత పట్టించాలి. బొట్టంత రాసుకుంటే 50 కూడా 10 అవుతుంది. పొలం పనికి వెళ్లే ఆడవాళ్లు తల చుట్టూ కట్టుకునే తువ్వాలు, వెడల్పు టోపీ కన్నా చవకైన సన్‌స్క్రీన్ లేదు. చెమటకు చెదరదు కూడా.

ఇంక వదిన ట్యూబు.

భూతద్దం పెట్టి చూస్తే దాని మీద 'ఇంగ్రీడియెంట్స్' అన్న మాటే లేదు. 'కాంపోజిషన్' అని ఉంది. ఒక్కో పేరు పక్కన ఎంత శాతమో అంకె ఉంది. ఎడమవైపు నిలువునా ఎర్ర గీత. 'డాక్టరు చీటీ మీదే అమ్మాలి' అన్న హెచ్చరిక. ఇన్ని గుర్తులుంటే అది సౌందర్య సాధనం కాదు, మందు. ఆ తేడా తెలుసుకోవడానికి ఎంత తక్కువ చదువైనా చాలు, ఆ ఎర్ర గీతను గుర్తుపడితే చాలు. అందులో మూడు పేర్లు: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్. మూడోది స్టెరాయిడ్. చివర 'సోన్' అనో, 'సాల్' అనో వచ్చే పేర్లను అనుమానంగా చూడండి. బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటసాల్ అలాంటివే.

ఈ మూడు కలిపే పద్ధతిని 1975లో అమెరికాలో క్లిగ్‌మన్, విల్లిస్ అనే చర్మ వైద్యులు ప్రవేశపెట్టారు. వాళ్లు వాడిన స్టెరాయిడ్ వేరు. మంగు మచ్చలకు, డాక్టరు చూస్తుండగా, కొన్ని వారాలకు ఇప్పటికీ పనికొచ్చే మందే అది. తెల్లబడడానికి నెలల తరబడి పూసుకోవడానికి కాదు. మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ మార్కెట్లోకి వచ్చింది కూడా 1975లోనే. 2020లో దాని పేరు గ్లో అండ్ లవ్లీగా మార్చారు. డబ్బా మీది పేరు మారినంత సులువుగా పెళ్లిచూపుల్లో మాటలు మారలేదు.

"వారానికే తెల్లబడింది" అంటుంది వదిన. నిజమే, తెల్లబడుతుంది. స్టెరాయిడ్ తగలగానే చర్మంలోని సన్నటి రక్తనాళాలు ముడుచుకుంటాయి, రంగు పాలిపోతుంది. 1962లో మెకెంజీ, స్టౌటన్ అనే ఇద్దరు ఈ పాలిపోవడాన్నే కొలబద్దగా పెట్టి, ఏ స్టెరాయిడ్ ఎంత బలమైనదో లెక్కగట్టారు. అంటే వదినకు అందంగా కనిపించిన ఆ తెలుపు మందు ఘాటుకు గుర్తు. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడుతుంది, ముడుచుకున్న నాళాలు సాగి ఎర్రటి దారాల్లా తేలుతాయి, మొటిమలు గుంపుగా లేస్తాయి, అవాంఛిత రోమాలు వస్తాయి. పూయడం మానిన రెండో రోజు నుంచి మొహం మండిపోతుంది. ఆ మంటకు భయపడి మళ్లీ పూస్తారు. ఇదొక వలయం.

ఇది మా ఇంటి గోడు మాత్రమే కాదు. దేశంలో పన్నెండు చోట్ల చర్మవైద్యులు మొహం సమస్యలతో వచ్చిన 2926 మందిని పరీక్షించి, వాళ్లలో 433 మంది స్టెరాయిడ్ పూతలు వాడుతున్నారని 2011లో ప్రచురించారు. ఫెయిర్‌నెస్ క్రీము అనుకునే వాడినవాళ్లు అందులో చాలామంది. ఆ తర్వాత 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతలను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలోకి మార్చింది. చట్టం ఉంది. మా వదినకు ట్యూబు చీటీ లేకుండానే దొరికింది.

లేబులే లేని, ఎక్కడ తయారైందో రాయని తెలుపు క్రీములతో ఇంకో ప్రమాదం పాదరసం. మన నిబంధనల ప్రకారం క్రీముల్లో దాన్ని కలపనే కూడదు. కేరళ మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో వైద్యులు 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు దాకా ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలించారు. వాళ్లలో 15 మందిది అరుదైన ఒకే తరహా. ఆ 15 మందిలో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీములు పూసుకున్నామని ఒప్పుకున్నారు. పూసింది మొహానికి, దెబ్బతిన్నది కిడ్నీ.

ఇదంతా చెప్పేసరికి వదిన కళ్లు ఎర్రబడ్డాయి. "నీకు తెలీదులే. పెళ్లిచూపుల్లో ఆయమ్మ పిల్ల చామనఛాయ అనింది. నా బిడ్డను నేను బాగుండాలని కాకపోతే ఎందుకు తెస్తా" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అంతసేపూ మాట్లాడని పిల్ల అప్పుడు నోరు విప్పింది. "అత్తా, పొయ్యి దగ్గర నిలబడలేకపోతాండా. రొట్టె కాల్చేటప్పుడు మొగం మండుతాంది. అమ్మకు చెప్తే పెళ్లిదాకా ఓర్చుకోమంది."

సోమవారం పొద్దున్నే సర్వజనాసుపత్రి చర్మవ్యాధుల ఓపీకి తీసుకెళ్లాం. ట్యూబు వెంట తీసుకెళ్లమని మీకూ చెప్తున్నా, డాక్టరు ముందు అడిగేది అదే. అక్కడి డాక్టరమ్మ తిట్టలేదు. ఒక్కసారిగా ఆపితే మంట తిరగబడుతుందని, తక్కువ బలమున్న పూతతో మెల్లగా ఎలా మాన్పించాలో చీటీ రాసిచ్చింది. ఇలాంటిది మీ ఇంట్లో ఉంటే మీ అంతట మీరు ఆపడమో, మార్చడమో చేయకండి. మొహానికి సబ్బు మాన్పించింది. పెట్రోలియం జెల్లీ పల్చగా, జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ పగటిపూట. అంతే. సీరమ్‌లు, పసుపు, శనగపిండి, నిమ్మకాయ, ఏవీ ఆ మొహం దరికి రాకూడదంది. నిమ్మకాయ అనగానే వదిన తల దించుకుంది.

మూడు వారాలైంది. మొదటి వారం వదిన ధర్మవరం నుంచి రోజూ ఫోన్ చేసి ఏడ్చింది. మొహం టమోటా పండులా అయిందనీ, పెళ్లికొడుకు వీడియో కాల్ చేస్తే పిల్ల ఎత్తడం లేదనీ. ఎనిమిదో రోజు పిల్లే ఎత్తి, ట్యూబు సంగతంతా అతనికి చెప్పేసిందట. అతను ఏమన్నాడో వదినకు చెప్పలేదు, నాకూ చెప్పలేదు.

నిన్న మళ్లీ ఫోన్. మంట తగ్గింది, రొట్టెలు తనే కాల్చిందట. ఎరుపు ఇంకా ఉంది. ఫోటోలాయనతో ముందే మాట్లాడి పెట్టాలా అని అడిగింది వదిన. ముందు మేకప్ చేసే అమ్మాయితో మాట్లాడి, ఆమె పెట్టెలో ఉన్నవాటన్నిటికీ వెనకవైపు ఫోటోలు తీసి పంపించమన్నాను. సాయంత్రానికి పదకొండు ఫోటోలు వచ్చాయి. ఈ ఆదివారం భూతద్దం కోసం మళ్లీ పాతూరు వెళ్లాలి.